వెచ్చబడిన గ్యారేజీ

ఆర్డెన్ లాహ్టి సోమరి కాదు. బతుకంతా ఇనుప గనిలో చెమటోడ్చిన మనిషిని సోమరి అంటే అన్నవాళ్ల కళ్లు పోతాయి. ఇంటి కప్పు కారితే ఆ సాయంత్రమే నిచ్చెన ఎక్కేవాడు. పొరుగువాడి బండి మంచులో కూరుకుపోతే ఎదుట పెట్టుకున్న కంచం వదిలి లేచేవాడు. కానీ ప్రతి మగవాడికీ ఇంట్లో ఒక పని ఉంటుంది. పెళ్లాం అడుగుతూనే ఉంటుంది, తను ఊఁ కొడుతూనే ఉంటాడు. ఆర్డెన్‌కి ఆ పని గ్యారేజీ తలుపు.

ఇల్లు కట్టిన తీరే అలాంటిది. కింద గ్యారేజీ, దాని నెత్తిన ఒక గది. ఆ గదిలో అతని పెళ్లాం మార్లీస్ బొంతలు కుట్టుకునేది. గ్యారేజీకి గోడంత వెడల్పున తలుపు ఉంది, ఉందన్నమాటే గానీ పలచని రేకు. మినెసోటా ఉత్తరాన జనవరి చలిని ఆ రేకు ఏం ఆపుతుంది? చలి దర్జాగా లోపలికొచ్చి గ్యారేజీ అంతా నిండి, గది నేలలోంచి పైకి పాకేది. మార్లీస్ ఉన్ని మేజోళ్లు రెండేసి జతలు తొడుక్కుని, కుట్టు మిషను ముందు కూచుని కిందికి కేకేసేది.

"ఆర్డెన్, ఈ కాళ్లు నావో కావో తెలీడం లేదయ్యా! ఆ తలుపుకి లోపలివైపు ఏదన్నా అతికించరాదూ?"

కింది నుంచి జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది.

"గ్యారేజీ వెచ్చబడితే నీ వంటలన్నీ ఎక్కడ పెడతావే? ఇంకో ఫ్రిజ్జు కొనిపెట్టమంటావా?"

అందులోనూ నిజం లేకపోలేదు. ఆ ఊళ్లో మొదటి మంచు పడింది మొదలు చివరి మంచు కరిగేదాకా గ్యారేజీయే అందరికీ ఫ్రిజ్జు. క్రిస్మస్ బిస్కట్ల డబ్బాలు, మిగిలిపోయిన పులుసులు, చర్చికి పట్టుకెళ్లాల్సిన వంటల పళ్లేలు, అన్నీ గ్యారేజీ అరల మీదే ఉంటాయి. అందుకని మార్లీస్ ఆ జవాబుకి నవ్వేసేది. నవ్వి, లేచి, కిటికీ కొంచెం పైకెత్తి, పొద్దుటి రొట్టె అంచులు కింద మంచు మీదికి కాకులకి విసిరి, మళ్లీ మిషను ముందు కూచునేది. "వచ్చే ఏడు చూద్దాంలే," అనేవాడు ఆర్డెన్. ఇరవై చలికాలాలు అలాగే దొర్లిపోయాయి.

డిసెంబరులో మార్లీస్‌కి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. డులూత్‌లో పెద్దాసుపత్రికి వెళ్లాలి. బయల్దేరే ముందురోజు ఆవిడ కుండెడు మొయాక్కా వండింది. ఫిన్లాండు నుంచి గని పనికి వచ్చిన తాతల కాలంనాటి మాంసం పులుసు అది. గొడ్డు మాంసం, క్యారెట్టు, రూటబేగా దుంప, ఉల్లిపాయ, తియ్యటి వాసనేసే మసాలా గింజలు, అన్నీ కలిసి సన్నసెగ మీద మధ్యాహ్నమంతా ఉడకాలి. బంగాళాదుంపలు మాత్రం వెయ్యలేదు. గడ్డకట్టి కరిగిన బంగాళాదుంప నోట్లో ఇసుకలా ఉంటుందని, దాచే పులుసులో ఆవిడ ఏనాడూ వాటిని వేసేది కాదు. పులుసు చల్లారాక ఖాళీ ఐస్‌క్రీమ్ బకెట్లలో పోసింది. ఆ ఊళ్లో ఐస్‌క్రీమ్ కొనేదే ఆ ప్లాస్టిక్ బకెట్ల కోసమని అందరూ వేళాకోళం చేసుకుంటారు. మూతల మీద టేపు ముక్కలు అంటించి, 'దుంపలు తినేరోజు వెయ్యి' అని రాసి, గ్యారేజీలో పై అర మీద వరసగా పెట్టింది.

"నేనొచ్చేదాకా నీకివి సరిపోతాయి. ఆకలేసినా వెయ్యకపోయినా తిను," అంది.

ఆవిడ రాలేదు. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. నాలుగైదు రోజులకి ఇంకేదో అన్నారు. డాక్టరు చెప్పిన మాటల్లో ఒక్కటీ ఆర్డెన్ బుర్రలో నిలవలేదు. ఆ డాక్టరు మరీ చిన్నవాడనీ, చెప్పలేక చెబుతుంటే వాడి మీదే జాలేసిందనీ మాత్రం గుర్తుంది.

కూతురు జోలీన్ ఫార్గోలో ఉంటుంది. తల్లికి బాగాలేదన్న కబురందగానే బయల్దేరింది గానీ, మంచు తుఫానుకి దారి మూసేశారు. సగం దారిలో ఒక పెట్రోలు బంకులో కారు ఆపుకుని కూచుంది. తల్లి ఊపిరి ఆగిందన్న మాట ఆ బంకులోనే ఫోనులో విన్నది.

అంత్యక్రియల ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీ పోశారు, పంది మాంసం పెట్టిన బన్నులు పంచారు. ఊరంతా వంటల పళ్లేలు తెచ్చింది, పళ్లెం అడుగున టేపు మీద ఎవరి పేరు వాళ్లు రాసుకుని. మార్లీస్‌ని మాత్రం భూమిలో పెట్టలేదు. నేల రాయై ఉంది. మే నెలలో కరిగేదాకా గొయ్యి తవ్వరు. శవపేటికని శ్మశానం అంచున ఉన్న రాతి గదిలో పెట్టి తాళం వేశారు. ఆ ఊళ్లో చలికాలంలో పోయినవాళ్లందరూ నేల మెత్తబడేదాకా అక్కడే ఉంటారు. అందరికీ తెలిసిన సంగతే. అయినా ఆ తాళం చప్పుడు విన్నాక ఆర్డెన్‌కి అన్నం సహించలేదు.

జనం తెచ్చిన పళ్లేలని గ్యారేజీలో సర్దుతూ జోలీన్ అడిగింది.

"నాన్నా, ఇవన్నీ ఎవరెవరివో. అమ్మ చేతిది ఏదీ మిగల్లేదా?"

ఆర్డెన్ తలెత్తి పై అర చూపించాడు. ఒక్క బకెట్టు మిగిలి ఉంది. తక్కినవి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడల్లా పొయ్యి దగ్గర నిలబడే తినేశాడు, రుచి కూడా చూసుకోలేదు. మనిషి తిరిగొస్తుందనుకున్నప్పుడు ఎవరు మాత్రం చూసుకుంటారు?

జోలీన్ ముక్కాలిపీట ఎక్కి బకెట్టు మీద చెయ్యి వేసింది. రాయిలా ఉంది. టేపు మీది అక్షరాలు చదువుకుంది.

"ఇప్పుడు నాకు గొంతు దిగదు. ఫిబ్రవరిలో అమ్మ పుట్టినరోజుకి వస్తాను. నువ్వు దుంపలు ఉడకేసి ఉంచు, ఇద్దరం కూచుని తిందాం. అప్పటిదాకా ఎవరికీ పెట్టకు నాన్నా."

"ఎవరికి పెడతానమ్మా?"

"పక్కింటి లైల్ బాబాయ్ కంట అసలే పడనీకు. మూత వాసన చూసే పసిగడతాడు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఏడుపై, జోలీన్ పీట దిగి తండ్రి భుజం మీద తల పెట్టుకుంది. "ఒక్కసారి అమ్మ చేతి వంట తిని పంపిద్దాం నాన్నా. నేను రాకుండానే వెళ్లిపోయింది," అంది.

లోపల ఫ్రీజరులో పెట్టుకోవచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. ఫ్రీజరు నిండా దుప్పి మాంసం ఉంది. అది పైకి చెప్పే మాట. అసలు సంగతేమిటంటే, ఆ బకెట్టుని ఆ అర మీద పెట్టింది మార్లీస్ చెయ్యి. దాన్ని అక్కణ్నుంచి కదపడానికి ఆర్డెన్‌కి మనసు రాలేదు. రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో గ్యారేజీలోకి వెళ్లి, చెయ్యెత్తి ఆ మూత మీద ఒకసారి తట్టి వచ్చేవాడు. గట్టిగా టక్కుమనేది. ఆ చప్పుడుతో అతనికి తెల్లారేది.

జనవరి ఆఖర్లో, జోలీన్ వస్తే పడుకోడానికని పై గది సర్దబోయాడు. మార్లీస్ పోయాక ఆ గదిలోకి వెళ్లడం అదే మొదలు. మిషను మీద సగం కుట్టిన బొంత అలాగే ఉంది. సూది గుడ్డలోనే ఉంది. నాలుగడుగులు వేసేసరికి మేజోళ్లలోంచి చలి సూదుల్లా గుచ్చింది. నిలబడలేక మంచం మీదికి కాళ్లు లాక్కున్నాడు. ఇరవయ్యేళ్లపాటు 'వచ్చే ఏడు' అన్నది ఈ నేల గురించా అని అప్పుడనిపించింది. సిగ్గేసింది. పోయిన మనిషికి ఇవ్వని వెచ్చదనం కనీసం ఉన్న పిల్లకైనా ఇద్దామనుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని అతనికి తెలియక కాదు. కాలిన చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి పట్టుకోవాలి మరి.

మర్నాడే గట్టి థర్మోకోల్ పలకలు కొనుక్కొచ్చాడు, ఒకవైపు వెండి కాగితం అంటించినవి. పొరుగింటి లైల్ వాసన పట్టినట్టు దిగాడు. గనిలో ఒకే షిఫ్టులో పనిచేసిన నేస్తం, పని చేసేది తక్కువ, సలహా ఇచ్చేది ఎక్కువ.

"ఏరా, ఇన్నాళ్లకి కుదిరిందా ముహూర్తం? మార్లీస్ చూస్తే..." అని నాలిక కరుచుకున్నాడు.

"చూస్తే మూర్ఛపోయేది," అన్నాడు ఆర్డెన్. "అలా నిలబడకపోతే ఆ కొలత టేపు చివర పట్టుకో."

తలుపు అడ్డంగా నాలుగు భాగాలుగా మడిచే తలుపు. ప్రతి భాగంలోనూ రేకు చట్రాలు. ఆర్డెన్ ముందు ఏళ్లనాటి మురికంతా తడిగుడ్డతో తుడిచాడు. ఒక్కో చట్రాన్నీ విడివిడిగా కొలిచాడు, ఎందుకంటే చూడ్డానికి ఒకలా ఉన్నా ఏ రెండూ ఒక కొలత కావు. పలకని గీసి, పొడవాటి బ్లేడుతో కోసి, చట్రంలో పెట్టి నొక్కితే కిర్రుమని కూచోవాలి. వదులైతే పారేసి మళ్లీ కోశాడు.

"ఓరి నీ చాదస్తం పాడుగాను! గ్యారేజీకా, గుడికా?" అన్నాడు లైల్.

"సందు ఉంటే చలి దూరుతుంది."

"దూరితే ఏమైంది, ఇరవయ్యేళ్లు దూరలేదూ?"

ఆర్డెన్ పలక మీద ఇంకో గీత గీశాడు. లైల్ కాఫీ కప్పు కింద పెట్టి, రెండో బ్లేడు అందుకున్నాడు.

పలకలు కోస్తుంటే తెల్లపొడి లేచి గ్యారేజీ అంతా ఎగిరింది. ఆర్డెన్ ఒక్కసారిగా పని ఆపి ఇంట్లోకి పరుగెత్తి, ఉతికిన తువ్వాలు తెచ్చి పై అర మీది బకెట్టుకి శ్రద్ధగా కప్పాడు. మూత మీద ఒక్క రేణువు పడకూడదు. అంత జాగ్రత్తపరుడు. అంత జాగ్రత్తలోనూ, ఆ తువ్వాలు కప్పే చేతులకి తాము చేస్తున్న పనేమిటో తట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊరి మనిషికి చలికాలపు గ్యారేజీ అంటే గడ్డకట్టే చోటు. సూర్యుడు తూర్పున పొడుస్తాడా అని ఎవరైనా రోజూ లేచి చూసుకుంటారా?

అన్ని పలకలూ బిగిశాక తలుపు అడుగునా పక్కలా కొత్త రబ్బరు పట్టీలు వేశారు. బయటి వెలుగు గీతలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. తలుపు బరువెక్కి సగంలో ఆగిపోతుంటే ఆర్డెన్ పైన ఉన్న, తలుపు బరువు మోసే పెద్ద స్ప్రింగు వైపు చెయ్యి చాపాడు.

"ముట్టుకున్నావంటే చంపేస్తాను," అని లైల్ అరిచాడు. "అది విడిపోయిందంటే నీ దవడ పక్కూళ్లో దొరుకుతుంది. పనివాణ్ణి పిలుద్దాం."

పనివాడొచ్చి స్ప్రింగు బిగించి వెళ్లాడు. అంతకుముందు గోల పెట్టే తలుపు ఇప్పుడు నూనె రాసినట్టు దిగింది.

ఆ సాయంత్రం ఆర్డెన్ పై గదికి వెళ్లి మంచం మీద కూచుని మేజోళ్లు విప్పాడు. వట్టి పాదాలు నేల మీద ఆనించాడు. చల్లగా లేదు. కాసేపుండి మళ్లీ చూసుకున్నాడు. నిజంగానే చల్లగా లేదు.

"మార్లీస్!" అని కేకేశాడు.

కేకేశాక గానీ గుర్తు రాలేదు. ఆ ఇంట్లో ఆ పిలుపుకి పలికేవాళ్లు లేరు. మిషను మీది సగం బొంతని ఒళ్లోకి లాక్కుని చాలాసేపు అలాగే కూచున్నాడు. ఎంత చిన్న పని! ఒక వారం పట్టని పని. ఆవిడ అడిగింది ఇంతే.

మర్నాటికి జ్వరం వచ్చింది. దగ్గు, ఒళ్లు నొప్పులు, లేస్తే కళ్లు తిరగడం. ఆర్డెన్ పై గదిలోనే పడుకున్నాడు, మార్లీస్ కుట్టిన బొంతల కింద, వెచ్చటి నేల పైన. లైల్ పూటకోసారి వచ్చి చారు పోసి, మాత్ర మింగించి, వాకిట్లో మంచు తోసి, ఆర్డెన్ ట్రక్కు వేసుకుని మందుల కొట్టుకి వెళ్లొచ్చేవాడు. వేడెక్కిన ట్రక్కుని తెచ్చి గ్యారేజీలో పెట్టేవాడు. ఆ వేడి ఇంక ఎక్కడికీ పోయేది కాదు. జ్వరం మగతలో ఆర్డెన్‌కి ఒక్కటే తృప్తిగా ఉండేది. ఈ గదిలో జోలీన్ హాయిగా పడుకుంటుంది, కింద మార్లీస్ పులుసు ఉంది, పిల్లకి రెండూ అమరాయి.

వారం దాటాక జ్వరం దిగింది. జోలీన్ వచ్చే ముందురోజు, ఆర్డెన్ లేచి వంటింట్లో కూచుని బంగాళాదుంపల తొక్కు తీస్తూ ఉండగా లైల్ గ్యారేజీలోంచి రెండు బీరు డబ్బాలతో వచ్చాడు.

"నీ పని అదిరిందిరా! లోపల చొక్కాతో తిరుగుతున్నాను. ఇంత చలికాలంలో గ్యారేజీలో బీరు పెడితే గడ్డకట్టి పగిలిపోయేది కాదూ? ఇవి మొన్న నేను పెట్టినవే. ఇదిగో చూడు, గడ్డా లేదు, గిడ్డా లేదు, తాగేలా ఉంది!"

"మరేమనుకున్నావ్," అని ఆర్డెన్ గర్వంగా నవ్వాడు. డబ్బా అందుకున్నాడు. చేతిలో అది కుదుపుకి గళగళమంది.

ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. గ్యారేజీ వెచ్చబడితే నీ వంటలన్నీ ఎక్కడ పెడతావే? తన గొంతే, ఏటేటా తను అన్న మాటే, చెవిలో ఎవరో అడిగినట్టు వినిపించింది. ఇరవయ్యేళ్లు సాకుగా వాడుకున్న మాట, కావాల్సిన ఒక్క రోజున గుర్తు రాలేదు.

దుంపల గిన్నె దొర్లిపోయింది. ఆర్డెన్ చెప్పులు కూడా వేసుకోకుండా గ్యారేజీలోకి పరుగెత్తి పీట ఎక్కాడు. తువ్వాలు తను కప్పినట్టే ఉంది, చెదరలేదు. దాన్ని లాగేశాడు. మూత ఉబ్బి ఉంది. రోజూ తట్టినట్టే తట్టాడు. టక్కుమనలేదు. మెత్తగా లోపలికి పోయింది.

మూత తియ్యగానే పులిసిన వాసన మొహానికి కొట్టింది. పైన తేలిన కొవ్వు పగిలి మధ్యలో బుడగలు వస్తున్నాయి.

బకెట్టుని గుండెలకి ఆనించుకుని దిగి, గోడకున్న మీట నొక్కాడు. తను అంత ముచ్చటగా బిగించిన తలుపు చప్పుడు లేకుండా పైకి లేచింది. బయటి చలి ఒక్క ఊపున లోపలికొచ్చింది. ఆర్డెన్ ఆ తెరిచిన గుమ్మంలో, పైజమాతో, బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ గడ్డకడితే బాగవుతుందన్నట్టు నిలబడ్డాడు.

"ఒరే పిచ్చోడా, మొన్ననేగా జ్వరం దిగింది! చస్తావురా!" అంటూ లైల్ మీట మీదికి చెయ్యి చాపాడు.

"ముయ్యకు లైల్."

"వేడంతా పోతుందిరా..."

"పోనీ."

లైల్ అప్పుడు బకెట్టు చూశాడు. మూత మీది టేపు చూశాడు. ఆ చేతిరాత ఎవరిదో అతనికి చెప్పక్కర్లేదు. ఆ చేతి వంట అతనూ తిన్నవాడే. కొక్కేనికి తగిలించిన తన కోటు తెచ్చి ఆర్డెన్ భుజాల మీద కప్పి, తనూ చొక్కాతో పక్కన నిలబడ్డాడు. ఎప్పటికో, "రా, లోపలికి పోదాం," అన్నాడు. పారబొయ్యడానికి చేతులు రాక ఆర్డెన్ బకెట్టుని మళ్లీ ఆ అర మీదే పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం జోలీన్ వచ్చింది. సంచి పట్టుకుని నేరుగా మెట్లెక్కింది. పైనుంచి చిన్నపిల్లలా కేక వినిపించింది.

"నాన్నా! ఈ గది! నేల! నువ్వే చేశావా? అమ్మ విని ఉంటే నమ్మేది కాదు!"

వట్టి కాళ్లతో గదంతా తిరుగుతున్న చప్పుడు ఆర్డెన్‌కి కింద వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు కోసమే చేసిన పని. తీరా వినిపిస్తుంటే చెవులు మూసుకోవాలనిపించింది. మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు.

"జోలీన్, అమ్మ పులుసు పోయిందమ్మా."

"ఎక్కడికి పోయింది?"

"పాడైపోయింది. తలుపు బాగుచేశాను కదా. గ్యారేజీ వెచ్చబడింది. నాకు... నాకసలు తట్టలేదు తల్లీ."

జోలీన్ నడక ఆగింది. తన పాదాల వైపు చూసుకుంది. తర్వాత తండ్రి వైపు చూసింది.

"పర్లేదు నాన్నా," అంది.

ఆ ఊరి మనుషులు అంతే. చెయ్యి తెగిపడినా పర్లేదనే అంటారు. తిట్టి ఉంటే ఆర్డెన్‌కి కొంత తేలిగ్గా ఉండేది. 

రాత్రి భోజనానికి బంగాళాదుంపలు ఉడికించాడు. ఆవిడ వాళ్లకి వదిలిపెట్టిన పని అదొక్కటే. వెన్న, ఉప్పు వేసుకుని ఇద్దరూ వట్టి దుంపలే తిన్నారు. సగం తిన్నాక జోలీన్ ఫోర్కు కింద పెట్టింది.

"ఒక్కసారి మూత మీద చెయ్యి పెట్టి చూడాల్సింది కదా నాన్నా."

"అవునమ్మా."

"ఒక్కసారి. నేనిక్కడ లేను. నువ్వున్నావు కదా."

"అవును," అన్నాడు ఆర్డెన్. రోజూ పెట్టేవాణ్ణి, ఆ వారమే పెట్టలేదు, జ్వరంతో పడి ఉన్నాను అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఇరవయ్యేళ్లు సాకులు చెప్పిన నోరు అది. ఇక చాలనుకున్నాడు.

తెల్లారింది. మార్లీస్ పుట్టినరోజు. ఆర్డెన్ రెండు కప్పుల్లో కాఫీ పోసుకుని మెట్లెక్కాడు. తలుపు తియ్యగానే చలి మొహాన కొట్టింది. కిటికీ బార్లా తెరిచి ఉంది. జోలీన్ కిటికీ పక్కనే కుర్చీలో, తల్లి కుట్టిన బొంతలు రెండు చుట్టుకుని కూచుంది. ముక్కు ఎర్రబడింది. కాళ్ల దగ్గర ఐస్‌క్రీమ్ బకెట్టు కడిగి బోర్లించి ఉంది. టేపు ముక్క ఊడదీసి మిషను మీద అంటించి ఉంది.

"వెచ్చగా ఉండి నిద్ర పట్టలేదు నాన్నా," అంది తిరక్కుండానే. "చిన్నప్పుడు ఈ గదిలో పడుకుంటే అమ్మ వచ్చి రెండో బొంత కప్పేది. రాత్రి కప్పుకుందామంటే చెమట పట్టింది. అందుకని తెరిచాను. మూసెయ్యనా? వేడంతా పోతోంది."

గ్యాసు బిల్లు చూస్తే గుండె పట్టుకునే మనిషి ఆర్డెన్. ఇంట్లో ఎవరైనా తలుపు వారగా వదిలితే ఊరు లేచేలా అరిచేవాడు.

"వద్దు, ఉండనీ," అన్నాడు.

కూతురి చేతికి కాఫీ ఇచ్చి మంచం అంచున కూచున్నాడు. మేజోళ్లు వేసుకోలేదు. తెరిచిన కిటికీకి గది నేల మళ్లీ పాతరోజుల్లాగే మంచుగడ్డై ఉంది. పాదాలు మండాయి. పైకి లాక్కోబోయి ఆగి, అలాగే ఉంచాడు.

"ఇంత చలిలోనా మీ అమ్మ కూచునేది?"

"కూచునేది," అంది జోలీన్.

అప్పుడు కిటికీ కింద రెక్కల చప్పుడైంది. జోలీన్ చెయ్యి చాపి చూపించింది. తల్లి రొట్టె అంచులు విసిరేచోటే, మంచు మీద బకెట్టులోని పులుసు కుమ్మరించి ఉంది. క్యారెట్టు ముక్కలు, మాంసం ముక్కలు తెల్లటి మంచు మీద చెదిరి ఉన్నాయి. పెద్ద అడవికాకి ఒకటి వాలి, అటూ ఇటూ రెండడుగులు వేసి, మెడ వంచి ఒక ముక్క అందుకుంది. ఇంకొకటి వచ్చి పక్కన వాలింది.

"తింటున్నాయి నాన్నా," అంది జోలీన్ గొంతు తగ్గించి, బెదిరిపోతాయేమో అన్నట్టు.

"తినవూ మరి? మీ అమ్మ వంట ఎవరు వద్దన్నారు గనక," అన్నాడు ఆర్డెన్.

అని, ఇక ఆగలేకపోయాడు. జోలీన్ కుర్చీలోంచి లేచి వచ్చి, పక్కన కూచుని, తను చుట్టుకున్న బొంత సగం అతని మోకాళ్ల మీద కప్పింది. తండ్రీకూతుళ్లు అలాగే కూచుని, మంచు మీద ముక్కలన్నీ అయిపోయేదాకా చూశారు. కిటికీ ముయ్యమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.